పింఛన్‌కు కత్తెర

“మల్ల ఒక్కసారి చెప్పు, పోచయ్య మామా. గట్టిగ!”

పోచయ్య డప్పును మంట దగ్గర కాచి, రెండు దెబ్బలేసి, గొంతు సవరించుకున్నాడు. “ఊరందరికీ ఎరుక జేసేది ఏందంటే... మొగోళ్లు గల్ఫుల ఉన్న ఇండ్లకు బీడీల పింఛన్ బంద్ జెయ్యాలెనని మన సుజాత దరఖాస్తు ఇచ్చిందని ఫోన్లల్ల అచ్చిన బొమ్మ అబద్ధమహో!”

“శబాష్! ఒక్క వాడకట్టు ఇడిసిపెట్టకు” అన్నాడు తిరుపతి.

డిసెంబరు చలికి ఊరంతా వణుకుతుంటే తిరుపతికి మాత్రం ఒళ్లు మండుతోంది. నాలుగు రోజుల్లో సర్పంచి ఎన్నిక. అతని భార్య సుజాత నిలబడింది, గుర్తు కత్తెర. అవతల రాజ్‌కుమార్ భార్య సుమలత, గుర్తు ఉంగరం. మండల కేంద్రం ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిపోయే వాళ్లు కూడా ఈసారి కత్తెరదే అన్నారు. అంతలో నిన్న పొద్దున తెలియని నంబరు నుంచి తిరుపతి ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది.

మండల ఆఫీసులో సుజాత కాగితం ఇస్తున్న ఫొటో. కింద ఎర్రటి అక్షరాలు: ‘కత్తెరకు ఓటేస్తే పింఛన్‌కు కత్తెర! గల్ఫ్ ఇండ్లకు బీడీ పింఛన్ వద్దని ఈమె ఇచ్చిన దరఖాస్తు ఇదే.’ దాని వెనకాలే ఒక మాట: ‘ఊరంతా చూసింది. నువ్వే ఆఖరు.’

ఫొటో నిజం, రాత అబద్ధం. ఆ కాగితం వీధి దీపాల కోసం ఇచ్చింది. దీపాలడిగిన పాపానికి ఆమె పేరుకే మసి పూశారు. అదీ ఎలాంటి ఊళ్లో? ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు దుబాయి చుట్టి వస్తారు. ఇంత చుట్టరికమున్న ఊళ్లో, బీడీలు చుట్టేవాళ్లకు సర్కారిచ్చే పింఛన్ ఊసెత్తడమంటే గడ్డివాములో అగ్గిపుల్ల గీయడమే.

తిరుపతి మస్కట్‌లో పన్నెండేళ్లు క్రేన్ నడిపి వచ్చిన మనిషి. ఎత్తిన బరువు చేర్చేదాకా నిద్రపోడు. ఆ బొమ్మ మీదే అడ్డంగా ‘అబద్ధం’ అని రాసి, అసలు దరఖాస్తు నకలు జతచేసి, యువజన సంఘం, మహిళా సంఘం, పసుపు రైతులు, గల్ఫ్ దోస్తులు... మొత్తం పదిహేడు గ్రూపుల్లో పెట్టాడు. ఫోన్లు లేని ముసలివాళ్లకు డప్పు పెట్టాడు. చేతిలో ఖండన, వీధిలో దండోరా!

“మానస నాయినా, నాతోటైతే ఎవ్వలు ఏమనలేదు” అంది సుజాత భర్తతో. “నిన్న యాభై ఇండ్లు తిరిగిన. అందరు మంచిగనే మాట్లాడిండ్రు.”

“మొఖం మీద అంటరా పిచ్చిదానా? ఎనుకకెళ్లి అంటరు. ఊకుంటే నిజమే అనుకుంటరు.”

చాయ్ హోటల్ ముందు రాజ్‌కుమార్ దొరికాడు.

“ఏందిరా రాజ్‌కుమార్, మొగోనివైతే ముందట నిలబడు! ఆడిమనిషి ఫొటో మీద రాతలు రాసుడేంది?”

రాజ్‌కుమార్ చాయ్ ఊదుకున్నాడు. “అన్నా, నీ నెత్తి ఖరాబైందా? నేను పంపిన్నని అన్నోణ్ణి ఊర్ల ఒక్కణ్ణి సూపియ్యి. గీన్నే ముక్కు నేలకు రాస్త.”

“దొరికేటట్టు పంపుతవా నువ్వు? దినానికో సిమ్ము మార్చే సిపాయివి!”

“ఒక్కణ్ణి, అన్నా. ఒక్కణ్ణే అడుగుతున్న.”

తిరుపతి చుట్టూ చూశాడు. అందరి కళ్లూ గ్లాసుల్లోనే ఉన్నాయి. వీళ్లను కొన్నాడు, లేదంటే భయపెట్టాడు అనుకుని, చేతికందిన గ్లాసును నేలకేసి కొట్టి వచ్చేశాడు.

సందు మలుపులో బీడీలు చుట్టే రాములవ్వ ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. “ఏం పాపం జేసినం కొడుకా? నా కొడుకు దుబాయిల మట్టి మోత్తుండు. నా పింఛన్ మీద మీ కండ్లు పడ్డయా?”

“అవ్వా, గది అబద్ధమనే గదా డప్పు కొట్టిచ్చిన!”

“ఏం లేకుంటే గంతగనం డప్పెందుకురా? నా మనుమరాలు ఫోన్ల గూడ సూపెట్టింది. నీ పెండ్లాం కాగితమిచ్చుడు కండ్లార సూసిన!”

“గది దీపాల కాగితం అవ్వా!”

“దీపాలో, మా దీపాలు ఆర్పేదో, మాకేమెరుక?”

చాటల వెనక కూర్చున్న పదిమందీ ఒక్క నోరైపోయారు. ఒకామె తునికాకు కత్తెర అతని మొహం మీదికి ఆడించి చూపింది. తిరుపతి పళ్లు నూరుకుంటూ వెళ్లి, పోచయ్యను మళ్లీ ఊరంతా తిప్పాడు. బొమ్మను మళ్లీ పదిహేడు గ్రూపుల్లో పెట్టాడు, ఈసారి తన గొంతుతో తిట్లు కూడా జోడించి. మర్నాటికి సుజాతను చూసి రెండు తలుపులు మూసుకున్నాయి. ఆ మర్నాటికి ఇరవై.

“చూసినవా? నేను చెప్పలే?” అన్నాడు తిరుపతి.

సుజాత ఇంకా తెరిచి ఉన్న తలుపుల వైపు నడిచింది.

పోలింగు రోజు బడిలోనే లెక్కింపు. నలభై ఒక్క ఓట్ల తేడాతో సుమలత గెలిచింది. బయట డీజే పగిలిపోతోంది, గులాల్ లేస్తోంది. సుజాత కొంగు నెత్తి మీదికి లాక్కుని, తను అడిగి వేయించిన దీపాల కిందనే ఒంటరిగా ఇంటికి నడిచింది. అది చూసి తిరుపతి గుండె తరుక్కుపోయింది.

అప్పుడే రాజ్‌కుమార్ వచ్చి, పిడికెడు గులాల్ అతని చెంపకు రుద్దాడు.

తిరుపతి అతని కాలర్ పట్టుకున్నాడు. “థూ! ఊరందరికీ అబద్ధం పంపి గెలిచినవ్ గదరా!”

రాజ్‌కుమార్ కాలర్ విడిపించుకోలేదు. నవ్వుతూ అతని చెవి దగ్గరికి వంగాడు.

“నేను నీ ఒక్కనికే పంపిన, అన్నా.”