చేపల బరఫ్

మంచిర్యాల స్టేషన్లో అంతయ్య గోదావరి చేపల్ని మంచుగడ్డల మధ్య పేర్చి, హైదరాబాదు రైలుకు పెట్టెలు బిగిస్తున్నాడు. ఐలవ్వ వచ్చి అతని చేతులు పట్టుకుంది.

"అన్నా, బొగ్గుబాయి కూలింది. బొంబాయిల ఉన్న నా కొడుకు వచ్చేదాక పీనుగును కాపాడాలె. జర బరఫ్ ఇయ్యే."

అంతయ్య పెట్టెలన్నీ విప్పి, చేపల్ని ప్లాట్‌ఫారం మీదే కుమ్మరించి, మంచుగడ్డలన్నీ ఆమె వెంట బండికెత్తించాడు.

మర్నాడు రైలు దిగిన కొడుకు ఏడుస్తూ వచ్చి, మంచులో ఉన్న ముఖం మీది గుడ్డ తీశాడు.

"అవ్వా, గీయన మన బాపు గాదే!"

"ఎరికే కొడుకా," అంది ఐలవ్వ. "మీ బాపు బాయిలనే ఉన్నడు. తవ్వుడు బందు చేసిండ్రు. బాయిల దొరికిన గీయన కోసం ఎవ్వలూ రాలే. కొరివి నువ్వే పెట్టాలె."