సగం మాట

"'వెళ్ళి' తీసెయ్. ఉత్త 'పోయింది' అను, చాలు," అంది పెంచినామె.

"మా అమ్మ వెళ్ళిపోయింది పిన్నీ. పోలేదు."

"నాకు తెలీదా? అబద్ధం చెప్పమన్నానా నిన్ను? ఉన్న మాటలో సగం మింగమన్నాను. మిగతాది వాళ్ళే అనుకుంటారు."

"చచ్చిపోయిందనుకుంటారు."

"అనుకోనీ. మన సొమ్మేం పోయింది?"

ఇద్దరూ కళ్ళజోళ్ళ దుకాణానికి ఎదురుగా, బస్‌స్టాపు బల్ల మీద కూర్చుని ఉన్నారు. రమ్మన్న వేళకి ఇంకా కొంచెం టైముంది. అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే పని ఖాళీగా ఉందట. పనివాళ్ళుండడానికి దుకాణం పైన గది కూడా ఉందట. ఆ పని అమ్మాయి శ్రద్ధగా నేర్చుకుంది. కానీ ఇప్పుడు కావలసింది పనికన్నా గది. పెంచమని ప్రభుత్వం అప్పగించిన పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ ఇంట్లో మంచం ఖాళీ చెయ్యాలి. వచ్చే సోమవారం ఆ మంచం మీదకి మరో చిన్నపిల్ల వస్తోంది. ఈలోగా ఎక్కడా చోటు దొరక్కపోతే ఇక వీధే.

బేకరీలో అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "కన్నతల్లే ఉంచుకోని పిల్లని నేనేం చూసి గల్లాపెట్టె దగ్గర నిలబెట్టను?" అన్నాడు యజమాని, మొహం మీదే. మందుల షాపువాళ్ళు అంత మాట అనలేదు. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు.

"సరే, మళ్ళీ మొదట్నుంచి. నేను యజమానురాల్ని. పైగదిలో ఇంకో ఇద్దరుంటారు, సర్దుకుపోతావా?"

"అనాథాశ్రమంలో ఇరవైమంది మధ్య పడుకున్నదాన్ని, ఇద్దరెంత..."

"ఇదిగో! ఆ ఇరవైమందిని ఎత్తొద్దనే కదా మొత్తుకుంటున్నాను. 'సర్దుకుపోతానండీ.' అంతే. గోళ్ళు గిల్లుకోకు. మీ అమ్మగారేం చేస్తారు?"

"పోయింది."

"ఎప్పుడు?"

"చిన్నప్పుడే అంటే, మరి ఇన్నాళ్ళూ ఎవరు పెంచారంటారుగా?"

పెంచినామెకి అంతవరకూ ఆ సంగతి తట్టలేదు.

"ఈమధ్యే అను. పచ్చి పుండుని ఎవరూ కెలకరు."

"ఎలా ఉండేదని అడిగితే? నాకు ఆవిడ మొహమే గుర్తులేదు."

"కళ్ళనీళ్ళు పెట్టుకో. అడగడం మానేస్తారు."

"రావు నాకు."

"ముందే చెప్తే ఇంట్లోంచి ఉల్లిపాయ తెచ్చేదాన్ని కదే!"

అమ్మాయి నవ్వలేదు. "బతికున్న మనిషిని చంపడం ఏం బాగుంటుంది పిన్నీ?"

"ముందు నువ్వు బతకాలి," అంది పెంచినామె గొంతు తగ్గించి, అమ్మాయి జడ సరిచేస్తూ. "ఎవరో ఒకరు చస్తేగానీ నీకింత చోటు ఇయ్యరట వీళ్ళు. మనకి అక్కరకి రాని మనిషేగా, చావనీ. పద, టైమైంది."

లోపల యజమానురాలు అమ్మాయిని గాజుతలుపు వెనకున్న గదిలోకి తీసుకెళ్ళింది. పెంచినామె బయట, కొనేవాళ్ళ కోసం వేసిన కుర్చీలో కూర్చుంది. ఎక్కడో వెనక అద్దాలు అరగదీసే మిషను గర్రుమంటోంది. మాటలు వినబడవు, మనుషులు మాత్రం కనబడతారు.

ముందు కాసేపు యజమానురాలే మాట్లాడింది. అమ్మాయి పొడిపొడిగా జవాబులిచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత అమ్మాయి మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే! తను నేర్పినవి మహా అయితే నాలుగు ముక్కలు. మిగతాదంతా ఏమిటి? పెంచినామెకి కుర్చీలో నిప్పులు పోసినట్టయింది. అంతా కక్కేస్తోంది. బేకరీలో లాగే కక్కేస్తోంది, పిచ్చిమొద్దు.

అంతలో యజమానురాలు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. వేళ్ళతో కళ్ళు నొక్కుకుంది.

అయిపోయింది, అనుకుంది పెంచినామె. సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు తెరుచుకునేసరికి లేచి నిలబడింది. యజమానురాలి వెనకాలే అమ్మాయి వచ్చింది, నేలచూపులు చూస్తూ.

"రేపట్నుంచి పనిలోకి రమ్మన్నాను," అంది యజమానురాలు. "సామాను సాయంత్రమే తెచ్చేసుకోమన్నాను. పైగదిలో కిటికీ పక్క మంచం ఇస్తాను."

పెంచినామె భుజం మీది సంచీ దించింది. "మీ రుణం ఉంచుకోదండీ. పనిలో కళ్ళు తిప్పదు," అంది.

"పని సంగతి సరేనండీ. వాళ్ళమ్మ సంగతి చెప్తుంటే నాకే ఏడుపాగలేదు. పాపం, ఎలాంటి మనిషి! తిట్టకుండా ముద్ద పెట్టేది కాదట, ఈ పిల్లకి పెట్టకుండా తనూ తినేది కాదట. చాదస్తమట కూడాను, చెప్పిన మాటే పదిసార్లు అప్పజెప్పించుకునేదట. ఆవిడ ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉండేదటగా? చిన్నప్పుడు ఈ పిల్ల చీకట్లో జడుసుకుని లేస్తే, ఆ మచ్చ తడుముకుని, ఆవిడేనని రూఢి చేసుకుని మళ్ళీ పడుకునేదట. అలాంటి తల్లి పోతే ఇక ఏ దిక్కుంటుంది చెప్పండి? ఇంతకీ మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?"

అమ్మాయి తలెత్తలేదు.

పెంచినామె కుడిచేత్తో తన ఎడమ మణికట్టును గట్టిగా మూసుకుని, "ఏమీ కానండీ, పక్కింటిదాన్ని," అంది.