ఆ బోర్డు మనదేనా?

"మేమున్నప్పుడు మంచిగ నడిచింది. మేం పోంగనే ఎట్ల చచ్చింది తమ్మీ?" అన్నాడు ముత్తయ్య.

శంషాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న కంప్యూటర్ దుకాణం అది. దుకాణదారు కొండల్ మళ్లీ స్విచ్ నొక్కాడు. కంప్యూటర్ డబ్బాలో ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

"నాకేం ఎరుక కాకా. నిన్న మీరు పోయినంక విండోస్ ఎక్కిద్దామని ఆన్ చేసిన. గప్పటి నుంచి గిట్లనే ఉంది."

"అంటే నీ దుకాణంలనే, నీ చేతులనే ఖరాబైంది."

అనుపమ తండ్రి చొక్కా అంచు పట్టుకుని మెల్లగా లాగింది. ఆమెకు గొడవలంటే భయం. అంతకన్నా భయం సోమవారమంటే. ఎయిర్‌పోర్టు దగ్గరి కార్గో ఆఫీసొకటి ఇంటి నుంచే బిల్లులు టైపు చేసే పని ఇస్తానంది. సొంత కంప్యూటర్ ఉండాలి. సోమవారం పొద్దున తొమ్మిదికి ఆన్‌లైన్‌లో కనిపించకపోతే ఆ పని లిస్టులో తర్వాతి అమ్మాయికి పోతుంది. ఇవాళ శనివారం.

"అన్నా, ర్యామ్ తీసి ఇంకో సందుల పెట్టి చూద్దామా?" అని అడిగింది. వారం రోజులు వీడియోలు చూసి, తక్కువలో కంప్యూటర్ కట్టించడానికి ఏ పాత సామాను కొనాలో నోటుబుక్కులో రాసుకొచ్చింది తనే.

కొండల్ ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో రుద్ది, రెండో సందులో పెట్టాడు. బొమ్మ రాలేదు. దాన్ని తీసి సొరుగులో వేసి, దుకాణంలోది ఇంకోటి అందుకున్నాడు.

"గది బయట పెట్టు," అన్నాడు ముత్తయ్య.

"ఏంది కాకా?"

"సొరుగుల ఏసినవే, మా ముక్క. నా కండ్ల ముంగట ఉండాలె."

కొండల్ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. "దొంగను జూసినట్టు జూస్తున్నవ్."

"నేనేమన్న? నువ్వే అంటున్నవ్."

దుకాణం ర్యామ్‌తోనూ బొమ్మ రాలేదు. కొండల్ పవర్ సప్లై మార్చాడు.

"గిది కొత్తదే కొనాలని పట్టువట్టింది నువ్వే గద," అన్నాడు ముత్తయ్య. "డబ్బాల లోపల కనవడని దానికి కొత్తదెందుకు అంటే, గదే పాణం అన్నవ్."

"ఇప్పుడు గూడ అంటున్న. దాంట్ల తప్పు లేదు. సూడు, వేరేది పెట్టినా గంతే."

గుండ్రటి చిన్న బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. తెర వైరు మార్చాడు. ప్రాసెసర్ విప్పి చూసి బిగించాడు. పైనుంచి ఒక విమానం దిగుతుంటే దుకాణం అద్దాలు కాసేపు వణికాయి. ఆ చప్పుడు తగ్గాక కొండల్ నుదురు తుడుచుకున్నాడు.

"ఇగ మిగిలింది మదర్‌బోర్డు ఒక్కటే. అదే పోయింది."

నిన్న ఇదే బల్ల దగ్గర, తమ బోర్డు బిగించాక తెర మీద తెల్లటి అక్షరాలు వెలగడం అనుపమ కళ్లారా చూసింది. ఇప్పుడు ఆమె చూపు కొండల్ వెనకున్న అరమీదికి పోయింది. అక్కడ పాత మదర్‌బోర్డులు మూడు నిలబెట్టి ఉన్నాయి. అదే పచ్చ రంగు. అదే కంపెనీ.

"అన్నా, ఇది నిన్నటి బోర్డేనా?"

కొండల్ చెయ్యి ఆగిపోయింది. "నువ్వు గూడనా, చెల్లే?"

ఆమె తల దించుకుంది. కానీ అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

"మీ బోర్డు నేను మార్చలేదని ఎట్ల చెప్పాలె?" అన్నాడు కొండల్. "ప్రమాణం చెయ్యాల్నా?"

"అవసరం లేదు," అన్నాడు ముత్తయ్య. పొద్దుటి నుంచీ మొదటిసారి అతని మొహంలో నవ్వు కనిపించింది. "డబ్బా రెండో దిక్కు తలుపు విప్పు."

"ఆ దిక్కు ఎందుకు కాకా? ఆడ ఏముండదు. బోర్డు ఎనుక భాగం అది."

"ఎందుకు భయపడుతున్నవ్? విప్పు."

కొండల్ స్క్రూలు విప్పుతుంటే ముత్తయ్య కూతురి వైపు తిరిగాడు.

"నిన్న తెర వెలిగినంక నువ్వు జిరాక్స్‌కు పోయినవ్, ఈయన డబ్బ తెరిచిపెట్టి చాయ్‌కి పోయిండు. గప్పుడు నా పేరు చెక్కిన, గీ బల్ల మీది స్క్రూడ్రైవర్‌తోనే. మన ఇంట్ల చెంబు కాడికెల్లి బోరు స్టార్టర్ దాక పేరు లేని సామానుందా? గిది మాత్రం ఎట్ల ఇడుస్త? ముంగట దిక్కు సామాన్లున్నయని చెయ్యి వెట్టలే. ఎనుక ఉత్త పచ్చ రేకే ఉండె, గాడ రాసిన." మళ్లీ కొండల్ వైపు చూశాడు. "పేరుంటే అది నా బోర్డు. లేకుంటే నువ్వు దొంగవు."

తలుపు ఊడింది. కొండల్ ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోన్ అనుపమ చేతికిచ్చి పక్కకు జరిగాడు.

అనుపమ వంగింది.

"ఉందా?" అన్నాడు ముత్తయ్య.

"ఉంది బాపు. ఊరి పేరు గూడ ఉంది."

ముత్తయ్య మొహంలో నవ్వు చెదిరింది. "ఉందా? మరి మార్చకుంటే ఎందుకు లేస్తలేదు?"

అనుపమ లైటు ఇంకొంచెం దగ్గరగా పట్టింది. ఆ పచ్చ రేకు నిండా కరెంటు పారే రాగి గీతలు వెంట్రుకల్లా పరుచుకుని ఉన్నాయి. మూడక్షరాల ముత్తయ్య, నాలుగక్షరాల పాల్మాకుల వాటిని అడ్డంగా తెంపుకుంటూ పోయాయి.