బిరడల కీ

అమ్మకు జ్వరం తగ్గడం లేదు. చీకటి పడ్డాక పక్క దుప్పటి మారుస్తుంటే ఆమె దిండు కింద ఒక పనిముట్టు దొరికింది. జానెడు చెక్క పిడి, కొసన చీలిన ఇనుము. దానికి తడి మట్టి అంటుకుని ఉంది. మా ఓర్వకల్లు వైపు వాన పడి చాలా కాలమైంది.

ఫొటో తీసి, మా నాన్న తండ్రి జేజినాయనతో కలిసి తత్వాలు పాడిన ఓబులేశు తాతకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

“ఏమప్పా, రీలు చేసేదానికి తంబూర దించినావా?”

“లేదు తాతా. అదేందో తెలీక పంపినా.”

“తంబూర తీగలు బిగించే బిరడలు తిప్పే కీ అది. మీ ఇంట్లో పాడేవాళ్లు ఎవరన్నా పోతే, దాంతోనే ఒక తీగ వదులు చేస్తారు. యాడ దొరికింది?”

“అమ్మ దిండు కింద.”



“మీ జేజినాయన చేతిలో పెట్టి పూడ్చినామప్పా దాన్ని. నేనే పెట్టినా.”

గోడకున్న తంబూరలో మూడు తీగలు వదులుగా వేలాడుతున్నాయి. జేజిది, నాన్నది, జేజినాయనది. నేను డిగ్రీ చదివాను గానీ నాకు పాట రాలేదు. బిగువుగా మిగిలింది అమ్మ తీగ ఒక్కటే.

ఆ తీగ సన్నగా మోగింది. మోత కిందికి జారసాగింది. బిరడ దానంతట అదే తిరుగుతోంది.

కీ తగిలించి బిగువు వైపు తిప్పాను. అది నా చేతిని తోసుకుంటూ మళ్లీ వెనక్కి తిరిగింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

లోపలి గదిలో అమ్మ లేచి కూర్చున్న చప్పుడైంది. జేజినాయనతో మాట్లాడే గొంతుతోనే మెల్లగా అంది.

“పిల్లోని చేతులు నొస్తాయి, ఇంగ వదులు మామా. నేను వస్తాండా.”