ఆరేసి వేళ్లు

"ఆగక్కడే! గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు అహీమోతు.

శోకో ఊరి గవిని తలుపుల బయట యారీబు ఆగిపోయాడు. శవాన్ని ముట్టుకున్నవాడు ఏడు రోజులు ఊళ్లోకి రాకూడదు. అహీమోతు పెద్దలకే పెద్ద. గవిని లోపల రాతి అరుగు మీద మరో తొమ్మిది మందితో కూర్చుని వేయించిన యవలు నములుతున్నాడు. ఉన్నవి నాలుగే పళ్లు కాబట్టి ఆయన తీర్పులన్నీ నిదానంగానే వస్తాయి.

"ఇప్పుడు చెప్పు. ఎవణ్ణి చంపావు?"

"మహాకాయుణ్ణి, పెద్దయ్యా. వాగవతలి గాతువాణ్ణి. ఫిలిష్తీయుడే."

జనం గొల్లున నవ్వారు.

"పోయినేడు గాతువాళ్లు దగ్గితేనే డాలు పారేసి వచ్చాడమ్మా ఈ శూరుడు! ఆ డాలుతో వాళ్లిప్పుడు కుండల మీద మూత పెట్టుకుంటున్నారట" అంది నూనె అమ్ముకునే ఒకావిడ.

యారీబు చూపు గోడ పక్కనున్న ఇద్దరు తమ్ముళ్ల మీదే ఉంది. ఇద్దరి నడుములకీ ఒకటే తాడు. రాజుగారి రాళ్లగనికి వెట్టికి పోయే వరసలో ముందున్నది వాళ్లే. ఎండెక్కేలోగా బయల్దేరాలి. ఆ గనికి పోయినవాళ్లలో ఇప్పటిదాకా తిరిగొచ్చింది ఒక్కడే. వాడూ తన పేరు అక్కడే మర్చిపోయి వచ్చాడు.

మహాకాయుణ్ణి చంపినవాడి ఇంటికి వెట్టి లేదని రాజుగారి మాట.

ఆ మాట పుట్టాక ఆ చుట్టుపక్కల పొడుగువాళ్లకి బతుకు లేకుండా పోయింది. ఒకడు ఒంటెలు తోలుకునే బక్కవాణ్ణి నరికి, ఆరు మూరలున్నాడన్నాడు. అహీమోతు తన చేత్తో కొలిస్తే నాలుగున్నర. నరికినవాడి చేత్తో కొలిస్తే నిజంగానే ఆరు. వాడి చెయ్యి అంత పొట్టి మరి. మూరంటే ఎవడి మూర అని అరుగు మీద గడ్డాలు పీక్కున్నారు. చివరికి పెద్దలు తేల్చేశారు. పొడుగు చూసి మోసపోవద్దు. మహాకాయుల వంశానికి దేవుడే గుర్తు పెట్టాడు: చేతికి ఆరు వేళ్లు, కాలికి ఆరు వేళ్లు. ఇద్దరు సాక్షులు లెక్కపెట్టి ఒట్టేస్తే చాలు.

పెద్దలే వెళ్లి చూడొచ్చు కదా అంటారేమో. కోతల పండుగ మూడు రోజుల్లో ఉంది. శవాన్ని ముట్టుకుని, ఊరి బయట కూర్చుని, లోపల కాలుతున్న మాంసం వాసన పీల్చడానికి ఏ పెద్దా సిద్ధంగా లేడు.

"సాక్షులేరీ?"

పెలెతు, ఊజాయి ముందుకొచ్చారు. యారీబుతో పాటు లోయలో కాపలా కాసేవాళ్లు. వాళ్లూ గడపకి అవతలే నిలబడ్డారు.

"చేతికెన్ని?"

"ఆరు."

"కాలికి?"

"ఆరు. రెండు చేతులకీ, రెండు కాళ్లకీ. యెహోవా జీవముతోడు."

జనంలో నవ్వు ఆగిపోయింది. అహీమోతు యవలు మింగేశాడు.

"ఎక్కడ ఎదురుపడ్డాడ్రా?"

"వాగు దగ్గర. దాటి మన గట్టుకొచ్చాడు."

"దాటి! చూశారా పొగరు! చేతిలో ఏముంది?"

"కర్ర."

"బల్లెం అని రాసుకో" అన్నాడు అహీమోతు, లేఖికుడి వైపు తిరిగి. "మనవాడికి అణకువ ఎక్కువ. ఆఁ, నిన్ను చూసి ఏం చేశాడు?"

"నవ్వాడు."

"నవ్వాడా! ఇశ్రాయేలు కాపలావాణ్ణి చూసి నవ్వాడా!"

"చేతులు చాపి నా మీదికి పరిగెత్తుకొచ్చాడు."

"అప్పుడు?"

"ఒక్కటే దెబ్బ, పెద్దయ్యా."

"ఒక్క దెబ్బ!" అని అరుగంతా అరిచింది. గోడ మీదివాళ్లు అరిచారు. నూనె అమ్ముకునే ఆవిడ, యారీబు తనకి పెద్దమ్మ మనవడి వరస అవుతాడని పక్కావిడకి చెప్పడం మొదలెట్టింది.

"పొడుగెంతని రాయమంటారు?" అన్నాడు లేఖికుడు.

పెలెతు నోరు తెరిచాడు. ఊజాయి వాడి కాలు తొక్కాడు.

"పొడుగుతో పని లేదని తేల్చాం కదరా. అయినా రేపు మనవలు చదివేదానిలో ఖాళీ ఉంటే బాగోదు. ఆరు మూరల జేనెడు అని వెయ్యి" అన్నాడు అహీమోతు.

తమ్ముళ్ల నడుముల తాడు విప్పారు. వరసలో తర్వాతి ఇంటి అన్నదమ్ములిద్దర్ని అదే తాడుకి కట్టారు. వాళ్లమ్మ ఏడుపు డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. ఊళ్లో ఆడవాళ్లు అప్పటికే పాట కట్టేశారు. రెండో చరణానికి గాతువాడు దేవదారు మానంత అయ్యాడు. నాలుగో చరణం వచ్చేసరికి వాడి నీడ పడి ఏడు ఊళ్లకి తెల్లవారలేదు.

తమ్ముళ్లు గడప దాకా పరుగెత్తుకొచ్చి, అన్నని ముట్టుకోకూడదు గనక అక్కడే ఆగి, ఏడుస్తూ నవ్వారు. యారీబు వాళ్లకేసి చెయ్యి ఊపాడు.

గోడ మీంచి రొట్టెలూ మాంసమూ దించారు. పెలెతు తిన్నాడు. ఊజాయి తిన్నాడు. యారీబు ముట్టలేదు.

"తినన్నా" అన్నాడు పెలెతు, గొంతు తగ్గించి. "వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పాం. అందులో ఒక్కటైనా అబద్ధముందా?"

"లేదు."

"మరింకేం?"

యారీబు రొట్టె పక్కన పెట్టి లోయకేసి చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలేవేళ గాతు దారిన ఒక ఆడమనిషి ఏదో పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చి, వాగు దాటి, గట్టున పడి ఉన్న ఆ మహాకాయుణ్ణి వంగి చంకనెత్తుకుని, తల తన భుజానికి ఆనించుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.