ముందు వరసలో నాన్న

జోకులు చెప్పడం మొదలుపెట్టిన నాటికి అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఒక్కటే. నాన్న.

డిగ్రీ గట్టెక్కలేదు. ముఖం వేదికకు పనికొచ్చేది కాదు, గొంతు అంతకన్నా కాదు. కానీ నాన్న పిసినారితనం మాత్రం తరగని సరుకు. రోజూ ఇంట్లోనే తయారవుతుంది. రవాణా ఖర్చు కూడా ఉండదు.

నాన్నది పరుపుల కొట్టు. కొడుకు పొద్దున్నే షట్టర్ ఎత్తాలి, పరుపుల మీద దుమ్ము దులపాలి, సాయంత్రం షట్టర్ దించాలి. వాడి బతుకు అంతేనని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. కొడుకేమో జనాన్ని నవ్విస్తూ బతుకుతానన్నాడు.

"నువ్వు చెప్తే ఎవడు నవ్వుతాడ్రా?"

"అందరూ."

"అందరి సంగతి వదిలెయ్. నన్ను నవ్వించు. ఏడాదిలో ఒక్కసారి నవ్వానంటే నీ దారిన నువ్వు పో. లేదంటే కొట్టులో కూర్చో. మళ్ళీ ఆ మాటెత్తకు."

బేరం కుదిరింది.

దగ్గర్లో ఒక కాఫీ హోటల్. దాని మేడ మీద చిన్న హాలు. కొత్తవాళ్ళకి కాసేపు మైకు ఇస్తారు. షరతు ఒక్కటే: ఎవరి ప్రేక్షకుల్ని వాళ్ళే వెంట తెచ్చుకోవాలి, తలా ఒక కాఫీ తాగించాలి.

"నీ జోకులు చల్లారినా ఫరవాలేదు బాబూ, నా కాఫీలు చల్లారకూడదు" అన్నాడు యజమాని.

అమ్మ, అక్క, బావ వచ్చారు. నాన్న కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"వెనక కూర్చున్నా కాఫీ రేటు ఇంతేగా" అన్నాడు.

కొడుకు మైకు పట్టుకున్నాడు.

"మాకు పరుపుల కొట్టుంది. ఇంట్లో అందరం చాపల మీద పడుకుంటాం. అమ్మే సరుకు మీద పడుకుంటే పాతబడిపోతుందట."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మా సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఎండాకాలం వచ్చిన చుట్టాలు ఓ పట్టాన లేవరు. మేమే చెరో చెయ్యీ పట్టుకుని ఊడదియ్యాలి."

ఈసారి నవ్వు వెనక దాకా పాకింది. పాకి, ముందు వరసలో ఆగిపోయింది. అక్కడ ఒక పెద్దాయన షట్టర్ దించిన కొట్టులా కూర్చుని ఉన్నాడు.

"ఆయనే మా నాన్న" అన్నాడు కొడుకు.

హాలంతా పగలబడి నవ్వింది.

ఆ తర్వాత ఇదే వరస అయింది. జోకు పేలగానే జనం ముందు నాన్న వైపు చూసేవారు. ఆయన ముఖంలో గీత కదిలేది కాదు. అది చూసి రెండోసారి నవ్వేవారు. ఒక్క జోకు రెండు జోకుల పని చేసేది. మిగతా కమెడియన్ల చుట్టాలు తమవాణ్ణి వదిలేసి ఇతని వంతు కోసం కాచుకునేవారు. యజమాని నాన్న కుర్చీ మధ్యకు జరిపించి, దాని మీద ఒక లైటు కూడా వేయించాడు.

కొడుక్కి మాత్రం ఆ చప్పట్లు రుచించేవి కావు.

"అందరూ నవ్వుతున్నారు నాన్నా."

"బేరం అందరితో కాదుగా."

గడువు ముగిసే రోజు రానే వచ్చింది. ఊళ్ళు తిరిగి ప్రదర్శనలు వేయించే కాంట్రాక్టరు కూడా ఆ రోజే వచ్చి కూర్చున్నాడు. కొడుకు దాచుకున్న జోకులన్నీ బయటపెట్టాడు. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. బావ కుర్చీలోంచి జారిపోయాడు. నాన్న కాఫీ ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, "పంచదార తక్కువైంది" అన్నాడు.

ఆ రోజు అన్నిటికన్నా పెద్ద నవ్వు దానికే వచ్చింది.

కాంట్రాక్టరు దగ్గరికొచ్చాడు. "అన్ని ఊళ్ళూ నేనే తిప్పుతాను. పెద్దాయన కూడా రావాలి, ముందు వరసలోనే కూర్చోవాలి. ఆయన నవ్విన రోజు మన ఒప్పందం రద్దు."

"నేను నవ్వను. రాసుకోండి" అన్నాడు నాన్న.

"మరి మన బేరం?" అన్నాడు కొడుకు. "నేను ఓడిపోయాను కదా."

"ఓడిపోయావు. అందుకే నేను చెప్పినట్టు విను. కొట్టు మీ బావ చూసుకుంటాడు. నువ్వు బట్టలు సర్దుకో."

కొడుకు ఇంటికొచ్చి పెట్టె తెరిచి దాని పక్కనే కూలబడ్డాడు. కాంట్రాక్టు దొరికింది, పేరొచ్చింది, కొట్టు తప్పింది. రాబడి అంతా బాగానే ఉంది. రావలసిన ఒక్కటే రాలేదు.

"ఊరంతా నవ్వింది. నేను చెప్పిందాంట్లో ఆయనకి ఒక్క ముక్కా నచ్చలేదమ్మా."

అమ్మ చొక్కాలు మడతపెడుతూ గొంతు తగ్గించింది.

"పిచ్చి సన్నాసీ, మొదటి రోజు నుంచీ నువ్వు గదిలో తలుపేసుకుని జోకులు వల్లిస్తుంటే గోడకి చెవి ఆనించి విని, నోట్లో తువ్వాలు కుక్కుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఉన్న నవ్వంతా ఇంట్లోనే ఖర్చు పెట్టేసి గాని మీ నాన్న ఆ హాలుకి బయల్దేరేవారు కాదురా."