ఒళ్ళు చూసి వయసు

డాక్టర్ ప్రూయిట్ దుప్పి ఫొటో వంక ఓ క్షణం చూసి పెదవి విరిచాడు.

"మూడేళ్ళు. దీన్ని కొట్టాలనుకున్నవాడెవడో, ముందు వాణ్ణి కొట్టాలి."

వంటింటి బల్లకి అటువైపు కూర్చున్న ఒపాల్ క్నేబెల్ నవ్వలేదు. అతని కప్పులో మళ్ళీ కాఫీ పోసింది.

టెక్సాస్ కొండల్లో నాలుగు వేల ఎకరాల రాంచ్ ఆవిడది. మొగుడు పోయాక పశువుల కంటే వేటకి వచ్చేవాళ్ళ మీదే ఇల్లు గడుస్తోంది. ఐదేళ్ళు నిండని దుప్పిని కాల్చకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఏ దుప్పికి ఎన్నేళ్ళో దూరం నుంచి చూసి చెప్పే పని ఇరవై ఎనిమిదేళ్ళుగా రాంచ్ పనివాడు ఎలీసియోది.

ఇప్పుడా పని ప్రూయిట్‌కి రాబోతోంది. పట్నం వేటగాళ్ళు పట్టుబట్టారు, జంతుశాస్త్రం చదువుకున్న మనిషి కావాలని. ఒప్పందం మీద ఒపాల్ సంతకం ఒక్కటే మిగిలింది. ఒక్కసారి తన దుప్పుల ఫొటోలు చూసి వయసులు చెప్పమంది ఆవిడ. చెప్పడానికేముంది, కాఫీ అయ్యేలోగా అయిపోతుంది అనుకున్నాడు ప్రూయిట్.

ఎలీసియో తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"కూర్చో ఎలీసియో," అంది ఒపాల్.

"పర్లేదమ్మా."

"నిలబడనివ్వండి, నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు," అన్నాడు ప్రూయిట్. "నువ్వు చెప్పవయ్యా. దీనికెన్నేళ్ళు?"

"ఐదు సార్."

ప్రూయిట్ పగలబడి నవ్వాడు. "నడుం చూడు, బల్లపరుపుగా ఉంది. కాళ్ళు చూడు, గడకర్రల్లా ఉన్నాయి. పొట్ట వీపుకి అంటుకుపోయింది. బడికెళ్ళే వయసయ్యా దీనిది! నువ్వేం చూసి ఐదన్నావు? కొమ్ములా?"

"కొమ్ములు కాదు సార్, దాని..."

"కొమ్ములు చూసి మురిసిపోయేది పసిపిల్లలు. మొహం చూసి ముచ్చటపడేది మీలాంటివాళ్ళు. నేను ఒళ్ళు చూస్తాను." లేచి కిటికీ వైపు తిరిగాడు. "అన్నీ బల్ల మీద పరిచి, తలలు మూసేయ్. నేను కొమ్ములు చూసి చెప్పానని రేపెవడూ అనకూడదు."

ఒపాల్ అలమరలోంచి డామినో ఆట బిళ్ళల డబ్బా తీసి ఇచ్చింది. పోస్టుకార్డంత ఫొటోలు ఏడు. ఎలీసియో ఒక్కో దుప్పి తలా, కొమ్ములూ కనపడకుండా నాలుగేసి బిళ్ళలు పేర్చాడు.

"తేదీలు వెనక రాసున్నాయి. ఎండాకాలానికీ చలికాలానికీ ఒళ్ళు మారుతుందంటాడు ఎలీసియో, చదవమంటారా?" అడిగింది ఒపాల్.

"తేదీలెందుకండీ? నేనేమన్నా జాతకాలు చెప్పేవాణ్ణా?"

ప్రూయిట్ బల్ల మీదికి వంగాడు. వేలు ఫొటో మీంచి ఫొటో మీదికి గెంతింది.

"మొదటిది మూడు, చెప్పాను. రెండోది ఇంకా అన్యాయం, రెండేళ్ళు. ఆడజింకకీ దీనికీ తేడా లేదు. ఇది నాలుగు, మెడ ఇప్పుడిప్పుడే బలుస్తోంది. ఇది మూడు. ఇది నాలుగు. ఈ ఐదింటినీ ఎవడన్నా ముట్టుకుంటే రాంచ్ గేటు మళ్ళీ తొక్కనివ్వకండి."

ఆరో ఫొటో దగ్గర ఈల వేశాడు.

"ఇదీ దుప్పంటే! మెడా రొమ్మూ కలిసిపోయాయి. పొట్ట జారింది. ఏడేళ్ళు, ఒక్కరోజు తక్కువ కాదు. ఆదివారంతో వేట సీజన్ అయిపోతుందిగా, ఈలోగా కొట్టించేయండి."

"అదీ ఐదే సార్," అన్నాడు ఎలీసియో మెల్లగా.

"నీకు లెక్కలు ఐదు దాకానే వచ్చా? ఒక చేతి వేళ్ళతో ఆగిపోయావా?"

ఎలీసియో టోపీ అంచు నలిపాడు.

"నాకు తెలుసులేవయ్యా. ఐదంటే కాల్చుకోవచ్చు. వేటగాళ్ళు ఖుషీ. పోతూ పోతూ నీ చేతిలో ఏదో పెట్టిపోతారు."

ఎలీసియో మొహం నల్లబడింది. తగలాల్సిన చోటే తగిలిందనుకున్నాడు ప్రూయిట్. ఏడో ఫొటో అందుకున్నంత పని చేసి, అసహ్యంగా వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ముసలి పీనుగ. తొమ్మిదేళ్ళు. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. నోట్లో పళ్ళుండవు. చలికి చచ్చేలోగా కాల్చి పారేస్తే మేతన్నా మిగులుతుంది."

"ఇది కూడా ఐదేనంటావా ఎలీసియో?" అడిగింది ఒపాల్.

"అంతేనమ్మా."

ప్రూయిట్ తల పట్టుకున్నాడు. "ఒపాల్ గారూ, మీరు మంచివారు, అందుకే చెబుతున్నాను. ఇన్నేళ్ళూ ఇతని నోటికొచ్చిన అంకె నమ్మి ఎన్ని పసివాటిని చంపించారో ఆలోచించండి."

ఒపాల్ లేచింది. సొరుగులోంచి పెన్ను తీసి అతని ముందు పెట్టింది.

"ఏ ఫొటో కింద ఆ వయసు వేసి, వదలాలో చంపాలో రాసి, సంతకం పెట్టండి డాక్టర్ గారూ. మా వేటగాళ్ళకి చూపించుకోవాలి."

"దానికేం భాగ్యం!"

బరబరా రాసేశాడు. ఏడు అంకెలు, ఏడు సంతకాలు. ఏడో సంతకం కింద గీత కూడా గీశాడు. పెన్ను మూత పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇక మన ఒప్పందం సంగతి చూద్దామా?"

ఒపాల్ బిళ్ళలన్నీ తీసి డబ్బాలో వేసింది. తలలు బయటపడ్డ ఫొటోలు ఏడింటినీ వరసగా సర్ది, అతని వైపు తిప్పింది.

"ఆ చీలిన ఎడమ చెవి చూడండి డాక్టర్ గారూ, మీరు వదలమన్న ఐదూ, చంపమన్న రెండూ ఒకటే దుప్పి, ఐదేళ్ళ కిందట పుట్టిన వారానికి కంచెలో చెవి చిక్కుకుంటే ఎలీసియో విడిపించిన దాన్ని, మొన్న జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకొక ఫొటో నేనే తీశాను."